పటం కొలత లోపలా, బయటా?

మీ తాతగారి ఫోటోకు పటం కట్టించాలనుకున్నారనుకోండి. హాల్లో రెండు కిటికీల మధ్య గోడ మీద సరిగ్గా 30 సెంటీమీటర్ల చోటు ఉంది. పటాలు కట్టే దుకాణానికి వెళ్ళి, "30 సెంటీమీటర్ల వెడల్పు పటం కావాలండీ" అని చెప్పి వచ్చారు. మర్నాడు పటం తెచ్చి గోడకు ఆనించి చూస్తే కిటికీకి అడ్డం వస్తోంది! టేపు పెట్టి కొలిస్తే 35 సెంటీమీటర్లు తేలింది.

దుకాణం ఆయన మోసం చేశాడా? లేదు. వెళ్ళి అడిగితే ఆయన ఇలా అంటాడు: "30 అంటే ఫోటోకి అనుకున్నాను బాబూ! ఫోటో చుట్టూ తెల్ల అట్ట ఒక్కో పక్క 2 సెంటీమీటర్లు. దాని చుట్టూ చెక్క అంచు ఒక్కో పక్క అర సెంటీమీటరు. రెండు పక్కలా కలిపితే 5. అందుకే 35 అయింది."

ఆయన లెక్క తప్పు కాదు. మీ లెక్కా తప్పు కాదు. "వెడల్పు" అన్న ఒక్క మాటను ఇద్దరూ చెరో రకంగా అర్థం చేసుకున్నారు, అంతే.

సరిగ్గా ఇలాంటి తగాదాయే ఒకటి కంప్యూటర్ల ప్రపంచంలో వచ్చింది. ఇంటర్నెట్టులో పేజీలు తయారుచేసేవాళ్ళను అది ఏళ్ళ తరబడి ముప్పుతిప్పలు పెట్టింది. ఆ తగాదా ఏమిటో, దాన్నుంచి బయటపడటానికి వాళ్ళు ఎలాంటి అతుకులు వేశారో, ఆ అతుకులే చివరికి ఎలా చిరిగాయో చూద్దాం.

పేజీని గీసేది ఎవరు?

మీ చేతిలో ఉన్న అచ్చు పత్రికను చూడండి. దీని వెడల్పు, అక్షరాల పరిమాణం, బొమ్మలు ఉండే చోటు అన్నీ అచ్చయ్యేటప్పుడే నిర్ణయమైపోయాయి. మీరు చదివినా, పక్క ఊళ్ళో మీ స్నేహితుడు చదివినా పేజీ ఒక్కటే.

కంప్యూటరులోనో ఫోనులోనో తెరిచే వెబ్ పేజీ సంగతి వేరు. అది బొమ్మగా రాదు. ఎలా గీయాలో చెప్పే సూచనలుగా వస్తుంది. ఆ సూచనలు చదివి తెర మీద పేజీ గీసి చూపించే ప్రోగ్రామునే బ్రౌజరు అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారి, ఎడ్జ్ అనేవి ఈనాటి బ్రౌజర్లు.

సంక్రాంతికి ముందు మీ అక్కయ్య తన స్నేహితురాలికి ఫోనులో ముగ్గు చెబుతుంది చూశారా? "15 చుక్కలు, 8 వచ్చేదాకా, సందు చుక్క" అంటుంది. ముగ్గును పంపలేదు, చెప్పింది మాత్రమే. అవతలి పిల్ల తన వాకిలి ఎంత ఉందో చూసుకుని చుక్కలు పెట్టుకుంటుంది. వాకిలి పెద్దదైతే ముగ్గు పెద్దది, చిన్నదైతే చిన్నది. కానీ ఆమెకు "సందు చుక్క" అన్న మాట తెలియక, చుక్క కింద చుక్క పెట్టేసిందనుకోండి. ముగ్గు మొత్తం పాడైపోతుంది! వెబ్ పేజీ కూడా ఇంతే. రాసేవాడు ఒకడు, గీసేది వేరొకటి. రాసినవాడి మనసులోని అర్థం, గీసే బ్రౌజరు తీసుకునే అర్థం ఒకటి కావాలి.

వెబ్ అనే ఏర్పాటును 1989లో ప్రతిపాదించినవాడు టిమ్ బెర్నర్స్-లీ. స్విట్జర్లాండులో జెనీవా దగ్గర ఉన్న సెర్న్ పరిశోధనశాలలో ఆయన పనిచేసేవాడు. పేజీలో ఏది శీర్షిక, ఏది పేరా అని చెప్పడానికి హెచ్.టి.ఎం.ఎల్. అనే భాష తయారైంది. మరి ఆ శీర్షిక ఏ రంగులో ఉండాలి, పేరా ఎంత వెడల్పు ఉండాలి అన్న అలంకారం సంగతో? దానికోసం 1994లో హోకన్ వియుమ్ లీ ఒక పద్ధతి ప్రతిపాదించాడు. బెర్ట్ బోస్ ఆయనతో చేయి కలిపాడు. దాని పేరు సి.ఎస్.ఎస్. 1996 డిసెంబరులో అది అందరూ పాటించవలసిన ప్రమాణంగా వెలువడింది.

ఒకే మాట, రెండు కొలతలు

సి.ఎస్.ఎస్. దృష్టిలో పేజీలోని ప్రతి వస్తువూ ఒక పెట్టె. పెట్టె మధ్యలో అసలు విషయం ఉంటుంది. అది మన ఫోటో లాంటిది. దాని చుట్టూ కొంత ఖాళీ. ఇది తెల్ల అట్ట. దీన్ని ప్యాడింగు అంటారు. దాని చుట్టూ గీత. ఇది చెక్క అంచు.

తెర మీద కొలతలు పిక్సెళ్ళలో చెబుతారు. పిక్సెలు అంటే తెర మీది ఒక చుక్క అనుకోండి. ఒక పెట్టెకు ఇలా సూచన ఇచ్చామనుకుందాం: వెడల్పు 300 చుక్కలు, ఒక్కో పక్క ఖాళీ 20 చుక్కలు, ఒక్కో పక్క గీత 5 చుక్కలు. మొత్తం పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుంది?

ప్రమాణం ప్రకారం "వెడల్పు" అంటే లోపలి విషయం వెడల్పు. అంటే పటాల దుకాణం ఆయన లెక్క. 300 కి 40, 10 కలిపితే 350.

కానీ ఆ రోజుల్లో ఎక్కువమంది వాడుతున్న బ్రౌజరు విండోస్ మీద నడిచే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. 1999లో వచ్చిన దాని 5వ రూపం, 2000లో వచ్చిన 5.5 రూపం మీ లెక్కనే పట్టుకున్నాయి. వాటికి "వెడల్పు" అంటే గీత బయటి అంచు నుంచి బయటి అంచు వరకు. మొత్తం పెట్టె 300. అందులో ఖాళీకి 40, గీతకు 10 పోతే విషయానికి మిగిలేది 250 మాత్రమే.

నెట్‌స్కేప్ 6, ఒపేరా 5 వంటి బ్రౌజర్లు ప్రమాణం ప్రకారమే గీసేవి. అంటే ఒకే సూచన రాస్తే ఒక బ్రౌజరులో 350 చుక్కల పెట్టె, మరో బ్రౌజరులో 300 చుక్కల పెట్టె!

సాగే పేజీలో చిక్కు

"50 చుక్కల తేడా వస్తే ఏమైంది?" అనుకుంటున్నారా? కొంచెం లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

అందరి తెరలూ ఒకే వెడల్పు ఉండవు. 2000 ప్రాంతంలో 640, 800, 1024 చుక్కల వెడల్పున్న తెరలుండేవి. అందుకని తెలివైనవాళ్ళు కొలతలను చుక్కల్లో చెప్పకుండా శాతాల్లో చెప్పేవారు. బిందెలో పోస్తే బిందె ఆకారం, చెంబులో పోస్తే చెంబు ఆకారం వచ్చే నీళ్ళలాగా, తెరనుబట్టి సాగే, కుంచించుకునే పేజీ అన్నమాట.

ఒక పేజీలో ఎడమవైపు విషయసూచిక, కుడివైపు పాఠం ఉన్నాయి. ఎడమదానికి 25 శాతం, కుడిదానికి 75 శాతం ఇచ్చాం. పాఠం గోడకు అతుక్కున్నట్టు ఉండకూడదని దానికి రెండు పక్కలా 20 చుక్కల చొప్పున ఖాళీ ఇచ్చాం. తెర 800 చుక్కలు.

ఎక్స్‌ప్లోరర్ 5 లెక్క: ఎడమ 200, కుడి అన్నీ కలిపి 600. మొత్తం 800. చక్కగా సరిపోయింది.

ప్రమాణం లెక్క: ఎడమ 200, కుడి 600 కి మరో 40 కలిపి 640. మొత్తం 840. తెర 800 మాత్రమే! రెండు పెట్టెలూ పక్కపక్కన పట్టవు. అప్పుడు బ్రౌజరు ఏం చేస్తుంది? బెంచీ మీద చోటు చాలని పిల్లవాడు కింద కూర్చున్నట్టు, కుడి పెట్టెను తీసుకెళ్ళి ఎడమ పెట్టె అడుగున పడేస్తుంది. చదవవలసిన పాఠం ఎక్కడో కిందికి పోతుంది. పైన ఖాళీ మిగులుతుంది.

"అయితే 75 బదులు 70 శాతం ఇస్తే సరి" అంటారా? మంచి ఆలోచనే. 800 లో 70 శాతం 560. దానికి 40 కలిపితే 600. ఎడమ 200 తో మొత్తం 800. భేష్! కానీ తెర మార్చి చూడండి. 1000 చుక్కల తెర మీద ఎడమ 250, కుడి 700 కి 40 కలిపి 740. మొత్తం 990. పక్కన 10 చుక్కల సందు మిగిలింది. ఇది సర్దుకోవచ్చు. 600 చుక్కల కిటికీలో చూస్తే? ఎడమ 150, కుడి 420 కి 40 కలిపి 460. మొత్తం 610. మళ్ళీ కింద పడింది!

కారణం కనిపెట్టారా? నూటిలో 25, 70 పోగా మిగిలేది 5 శాతం. ఆ 5 శాతంలోనే 40 చుక్కల ఖాళీ ఇమడాలి. తెర మారినప్పుడల్లా 5 శాతం మారుతుంది. 40 మాత్రం మారదు. ఆ రెండూ సమానమయ్యేది ఒక్క 800 దగ్గరే. సాగే కొలతనూ సాగని కొలతనూ కలిపి రాస్తే వచ్చే చిక్కు ఇది.

పేజీ తయారుచేసినవాడు తన కంప్యూటరులో ఒక్క బ్రౌజరులోనే చూసుకుని "బాగుంది" అనుకుంటాడు. కానీ ఆ పేజీలో ఉన్నది పరీక్ష ఫలితాలనుకోండి, స్కాలర్‌షిప్పు దరఖాస్తు అనుకోండి. వేరే బ్రౌజరు ఉన్న విద్యార్థికి కనబడవలసింది కనబడకపోతే నష్టపోయేది ఆ విద్యార్థి. అతను చేసిన తప్పేమీ లేదు. అందుకనే ఇది అందానికి సంబంధించిన చిన్న సంగతి కాదు.

ఒక తప్పును పట్టుకుని మరో తప్పును దిద్దడం

మరి పేజీలు తయారుచేసేవాళ్ళు ఏం చేశారు? ఎక్స్‌ప్లోరర్ 5 కి ఒక కొలత, మిగతావాటికి మరో కొలత చెప్పాలి. కానీ సూచనల కాగితం ఒక్కటే. అందరూ అదే చదువుతారు. ఒకరికి మాత్రమే వినబడేలా చెప్పడం ఎలా?

టాంటెక్ చెలిక్ అనే ఇంజనీరు ఒక కిటుకు కనిపెట్టాడు. ఆయన మాకింటోష్ కంప్యూటర్ల కోసం తయారైన ఎక్స్‌ప్లోరర్ 5 నిర్మాణంలో పనిచేసినవాడు. ఆ మాకింటోష్ రూపం పెట్టె కొలతలను సరిగ్గానే లెక్కపెట్టేది. చిక్కంతా విండోస్ రూపంతోనే.

ఆ కిటుకు అర్థం కావాలంటే ఒక ఉత్తరం ఊహించుకోండి. అందులో ఇలా ఉంది: "నాటకం చివర రాజు 'ఇంతటితో సమాప్తం' అన్నాడు. నువ్వు ఆదివారం తప్పక రా." నిదానంగా చదివేవాడికి 'ఇంతటితో సమాప్తం' అన్నది రాజు మాట అని తెలుస్తుంది. అతను మొత్తం చదువుతాడు. తొందరపాటు మనిషి ఆ మాట చూడగానే ఉత్తరం అయిపోయిందనుకుని మడిచేస్తాడు. ఆదివారం రమ్మన్న సంగతి అతనికి తెలియనే తెలియదు.

ఎక్స్‌ప్లోరర్ 5 సరిగ్గా ఆ తొందరపాటు మనిషే! సి.ఎస్.ఎస్. లో ఒక సూచన ముగిసిందనడానికి } అనే బ్రాకెట్టు గుర్తు. అదే గుర్తును కొటేషన్ల మధ్య పెడితే అది ముగింపు కాదు, ఉత్త అక్షరం. చెలిక్ ఆ గుర్తును కొటేషన్లలో, గొంతుకు సంబంధించిన ఒక సూచనలో దాచాడు. పేజీని బిగ్గరగా చదివే యంత్రాలకు పనికొచ్చే సూచన అది. కనుక తెర మీద బొమ్మకు దానివల్ల ఏ తేడా రాదు. ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం ఆ గుర్తు చూడగానే సూచన అయిపోయిందనుకుని ఆగిపోయేది.

ఇక పని సులువు. ముందు "వెడల్పు 350" అని రాస్తారు. తరవాత ఆ అడ్డుగోడ పెడతారు. గోడ తరవాత "వెడల్పు 300" అని రాస్తారు. ఎక్స్‌ప్లోరర్ 5 గోడ దగ్గరే ఆగి 350 పట్టుకుంటుంది. దాని లెక్కలో మొత్తం పెట్టె 350. మిగతా బ్రౌజర్లు గోడ దాటి చివరి మాట 300 పట్టుకుంటాయి. వాటి లెక్కలో 300 కి 50 కలిపి మొత్తం పెట్టె 350. రెండూ సమానం!

ఎంత తమాషాగా ఉందో చూడండి. బ్రౌజరుకు కొలవడం తప్పుగా వచ్చు. చదవడం కూడా తప్పుగా వచ్చు. చదవడంలో ఉన్న తప్పును వాడుకుని కొలవడంలో ఉన్న తప్పును సరిదిద్దారు.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ రెండు తప్పులకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు! తొందరగా చదివేవాడికి లెక్కలు కూడా రావని ఎవరు చెప్పారు? ఒపేరా 5 అనే బ్రౌజరు ఉందే, దానికి కొలవడం సరిగ్గానే వచ్చు. చదవడంలో మాత్రం ఎక్స్‌ప్లోరర్ 5 చేసే తప్పే చేసేది. పాపం, అది కూడా గోడ దగ్గరే ఆగి 350 పట్టుకుని, దానికి 50 కలిపి 400 చుక్కల పెట్టె గీసేది. దాంతో ఒపేరా కోసమని మరొక సూచన అదనంగా రాయవలసి వచ్చింది. అతుకు మీద అతుకు!

మూలపురుషుడి తండ్రి

మరో కిటుకు ఇంకా చిత్రమైనది. వెబ్ పేజీలోని పెట్టెలన్నిటికీ ఒక వంశవృక్షం ఉంటుంది. అన్నిటికంటె పైన ఉన్న మూలపురుషుడి పేరు హెచ్.టి.ఎం.ఎల్. దాని పైన మరే పెట్టె లేదు. అయితే 2001లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6, అంతకు ముందరి రూపాలు మూలపురుషుడి పైన పేరులేని తండ్రి ఒకడున్నాడని నమ్మేవి. అందుకని నక్షత్రం గుర్తు వాడి, "ఎవరో ఒకరికి సంతానమైన మూలపురుషుడికి ఈ సూచన" అని రాసేవారు. మిగతా బ్రౌజర్లు "అలాంటివాడు లేడే" అని ఆ సూచనను వదిలేసేవి. ఎక్స్‌ప్లోరర్ మాత్రం పాటించేది.

ఎక్స్‌ప్లోరర్ 6 తరవాత కొత్త రూపం రావడానికి ఐదేళ్ళు పట్టింది. ఆ ఐదేళ్ళలో ఎన్నో పేజీలు ఈ నక్షత్రం కిటుకు మీద ఆధారపడిపోయాయి. 2006 అక్టోబరులో ఎక్స్‌ప్లోరర్ 7 వచ్చింది. అందులో మూలపురుషుడి తండ్రి మీద నమ్మకం పోయింది. మంచిదే కదా! కానీ కొన్ని పేజీలు చెడిపోయాయి. ఎందుకని?

ఒక పెద్ద పెట్టెలో రెండు చిన్న పెట్టెలను పక్కపక్కన తేల్చి నిలబెడితే, పెద్ద పెట్టె వాటిని చుట్టుకోకుండా ముడుచుకుపోతుంది. దాని రంగు మాయమవుతుంది. దీన్ని సరిచేయడానికి పేజీలు రాసేవాళ్ళు రెండు మందులు వాడేవారు. ప్రమాణం తెలిసిన బ్రౌజర్ల కోసం ఒక మంచి మందు. ఎక్స్‌ప్లోరర్ 6 కోసం నక్షత్రం కిటుకుతో మరో మందు. ఎక్స్‌ప్లోరర్ 7 కి ఆ మంచి మందు ఇంకా అర్థం కాదు. నక్షత్రం సూచన చదవడం మానేసింది కనుక రెండో మందూ అందదు. జబ్బు మాత్రం ఉంది! రెండు తలుపులూ ఒకేసారి మూసుకుపోయినట్టయింది.

ఇలా జరుగుతుందని ఎక్స్‌ప్లోరర్ తయారుచేసినవాళ్ళకు ముందే తెలుసు. 2005లోనే, "మీ పేజీల్లోని ఇలాంటి కిటుకులను వెతికి తీసివేయండి" అని వాళ్ళు బహిరంగంగా కోరారు. కానీ అప్పటికే అవి ఎన్నో పేజీల్లోకి పాకిపోయాయి. వాటిలో కొన్నిటిని రాసినవాళ్ళకే ఆ సంగతి గుర్తుండి ఉండదు.

పేరు అడగకండి, పని వచ్చా అని అడగండి

"ఇన్ని తంటాలెందుకు? బ్రౌజరునే 'నీ పేరేమిటి?' అని అడిగి దానికి తగ్గ పేజీ పంపిస్తే సరిపోదా?" అని మీకు తోచవచ్చు. అదీ చేశారు. ప్రతి బ్రౌజరూ పేజీ అడిగేటప్పుడు తన పేరు చెబుతుంది. నెట్‌స్కేప్ బ్రౌజరు తన పేరు "మొజిల్లా" అని చెప్పుకునేది. కొందరు ఆ పేరు చెప్పినవాటికే మంచి పేజీలు పంపేవారు. అప్పుడు ఎక్స్‌ప్లోరర్ కూడా "నేనూ మొజిల్లానే" అనడం మొదలుపెట్టింది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. క్రోమ్, సఫారి, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ నాలుగూ ఇవాళ్టికీ తమ పరిచయాన్ని "మొజిల్లా" అనే మాటతోనే మొదలుపెడతాయి! అందరూ ఒకే పేరు చెబితే ఆ పేరు వల్ల తెలిసేదేముంది?

మీరు ఈతల పోటీకి జట్టును ఎంపిక చేస్తున్నారనుకోండి. "నీది గోదావరి ఒడ్డున ఊరు కదా, నీకు ఈత వచ్చే ఉంటుంది" అని ఒకణ్ణి తీసుకుంటే వాడు మునిగిపోవచ్చు. "నీకు ఈత వచ్చా?" అని అడగడం తెలివైన పని. ఇప్పుడు సి.ఎస్.ఎస్. లోనే అలా అడిగే వీలుంది. "నీకు ఫలానా పద్ధతి తెలుసా? తెలిస్తే ఈ సూచన పాటించు" అని రాయవచ్చు. 2013లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు దీన్ని నేర్చుకున్నాయి. మరి ఈ ప్రశ్నే అర్థం కాని పాత బ్రౌజరు సంగతో? సి.ఎస్.ఎస్. లో ఒక గొప్ప నియమం ఉంది. అర్థం కాని సూచనను బ్రౌజరు వదిలేసి ముందుకు పోవాలి. కాబట్టి ముందు అందరికీ అర్థమయ్యే సాదా పేజీ రాసి, ఆ తరవాత ప్రశ్న వేసి మెరుగులు దిద్దితే, పాత ఫోను ఉన్నవాడికి మెరుగులు అందకపోయినా విషయం అందుతుంది.

పెట్టెలో పెట్టె

ఇంతకీ మన పటం తగాదా ఎలా తీరింది? కిటుకులేవీ లేకుండానే దానికి ఒక ఉపాయం మొదటి నుంచీ ఉంది. ఒక పెట్టె బదులు రెండు పెట్టెలు వాడటం! బయటి పెట్టెకు 75 శాతం వెడల్పు మాత్రమే ఇవ్వండి. ఖాళీ, గీత ఇవ్వకండి. దాని లోపల మరో పెట్టె పెట్టి, దానికి 20 చుక్కల ఖాళీ మాత్రమే ఇవ్వండి. వెడల్పు చెప్పకండి. బయటి పెట్టెకు ఖాళీ లేదు కనుక లోపలి కొలతా బయటి కొలతా ఒకటే. లోపలి పెట్టెకు వెడల్పు చెప్పలేదు కనుక దాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న ప్రశ్నే లేదు. ఏ బ్రౌజరైనా, ఎంత తెరైనా 25, 75 కలిపి సరిగ్గా నూరు. తగాదా తీర్చడానికన్న తగాదాకు తావు లేకుండా చూడటం మేలు కదూ!

తరవాత ప్రమాణం రాసేవాళ్ళే మరో మెట్టు ఎక్కారు. "వెడల్పు అంటే లోపలి కొలతా, బయటి కొలతా అన్నది పేజీ రాసేవాడే చెప్పవచ్చు" అని కొత్త సూచన చేర్చారు. ఎక్స్‌ప్లోరర్ కూడా 2009లో వచ్చిన 8వ రూపం నుంచి దాన్ని పాటించింది. ఇక్కడొక విచిత్రం. ఈనాడు పేజీలు తయారుచేసేవాళ్ళలో చాలామంది బయటి కొలతనే ఎంచుకుంటారు. అంటే ఒకప్పుడు తప్పని తిట్టించుకున్న ఎక్స్‌ప్లోరర్ 5 లెక్కనే! సాగే పేజీలకు అది సదుపాయం. ఎక్స్‌ప్లోరర్ తప్పు బయటి నుంచి కొలవడం కాదు. అందరూ ఒప్పుకున్న మాటకు తను వేరే అర్థం చెప్పుకోవడం.

ఎక్స్‌ప్లోరర్ కథ ముగిసింది. దాని చివరి రూపానికి విండోస్ 10 మీద 2022 జూన్ 15న మద్దతు ఆగిపోయింది. కానీ బ్రౌజర్లు ఇప్పటికీ అనేకం. పాతవీ కొత్తవీ పక్కపక్కనే ఉంటాయి. అతుకు వేయక తప్పని సందర్భాలు ఇప్పుడూ వస్తాయి. అప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, అతుకు లేకుండా గడుస్తుందేమో ముందు చూడాలి. రెండోది, అతుకును విడిగా ఉంచి, ఎందుకు వేశామో పక్కన రాసి పెట్టాలి. అవసరం తీరాక సులువుగా తీసివేయవచ్చు. మూడోది, ఒక తప్పు ఉన్నచోట మరో తప్పు కూడా ఉంటుందని పందెం కట్టకూడదు.

మీరూ చేసి చూడండి

1. కంప్యూటరులో ఏదైనా వెబ్ పేజీ తెరిచి, కిటికీ అంచు పట్టుకుని నెమ్మదిగా లోపలికి జరపండి. పెట్టెలు ఏ వెడల్పు దగ్గర ఒకదాని కిందికి ఒకటి దిగుతాయో గమనించండి. అవి కావాలని దిగుతున్నాయా, చోటు చాలక పడిపోతున్నాయా? చదవడానికి వీలుగా ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

2. ఒక తెలుగు పేజీ తెరిచి అక్షరాలను బాగా పెద్దవి చేయండి. కొన్ని పేజీల్లో ఒత్తులు పెట్టె అడుగున తెగిపోవచ్చు. ఆ పెట్టెకు ఎత్తు సాగకుండా బిగించి ఉంటారు. మన అక్షరాలకు కింద ఒత్తులకూ పైన గుడులకూ చోటు కావాలని రాసినవాళ్ళు మరిచిపోయి ఉంటారు.

3. పైన చెప్పిన 25 శాతం, 70 శాతం, 40 చుక్కల లెక్కను 1200 చుక్కల తెరకూ, 400 చుక్కల ఫోనుకూ చేయండి. ఎక్కడ సందు మిగులుతుంది? ఎక్కడ పెట్టె కింద పడుతుంది?

జవాబు: 1200 తెర మీద మొత్తం 1180. అంటే 20 చుక్కల సందు మిగులుతుంది. 400 తెర మీద మొత్తం 420. కుడి పెట్టె కింద పడుతుంది.

ఈసారి పటం కట్టించడానికి వెళితే ఏమని చెబుతారు? "30 సెంటీమీటర్లు" అనకండి. "అంచు నుంచి అంచుకు, బయటి కొలత 30 సెంటీమీటర్లు" అనండి.